తిరుగు కరెంటు

రాత్రి రెండు ఇరవైకి ఫోను.
జామై ఉస్మానియా దాటాక పట్టాల మీద బండి ఉందని
ప్యానెల్ ఎర్రగా చెబుతోందట.
టార్చి పట్టుకుని వెళ్లి చూశాను.
కంకర. వాన తడి. ఎవరిదో ఒంటి చెప్పు.
లేని బండికి దారి వదిలి
సిగ్నల్ అలా నిలబడిపోయింది.

ఈ నెలలో ఇది మూడోసారి.
కేబులుకు మెగ్గర్ పెట్టాను, బాగానే ఉంది.
రిలే మార్చాను, పాతదీ బాగానే ఉంది.
చిన్న ప్రాణం దానిది.
పట్టాల్లోంచి ఒకటి రెండు వోల్టుల గుసగుస
వినబడినంతసేపూ చెయ్యెత్తి ఉంటుంది,
చక్రాలు ఆ గుసగుసను తొక్కితే
దించేస్తుంది.
దాని నెత్తి మీదేమో ఇరవై అయిదు వేల వోల్టుల తీగ,
సెకనుకు యాభైసార్లు అటూ ఇటూ ఊగేది.
ఆ హోరులో తన మాట తాను ఏరుకోవాలి.
విన్నానా లేదా అని అనుమానం వస్తే
ఎరుపు.
మా కొలువంతా ఆ ఒక్క ముక్కే.
ఇంట్లోనూ నీది అదే పద్ధతంటాడు మా ఆయన.

తెల్లారుతుండగా
గోడ అవతలి నుంచి ఒక చెయ్యి, ఒక రేడియో, తర్వాత ఒక తల.
ఈదయ్య. నలభై ఏళ్లు ప్రెస్సులో
సీసపు అక్షరాలు తలకిందులుగా చదివినవాడు.
ఇప్పుడు చూపు ఆనదు.
"మేడం, బండి పోతే గర్రుమంటది, అది నాకెరుకే.
రేకు మీద ఇసుక పోసినట్టు వస్తది, పోతది.
గిప్పుడు బండి లేకున్నా మోగుతాంది.
వాన పడ్డ రాత్రి ఇంకింత.
ఆ కంబం దిక్కు తిప్పితే ఎక్కువ,
ఇటు తిప్పితే తక్కువ.
ఎవలికి చెప్పాలె?"

మనవరాలితో రాయించిన క్యాలెండర్ తెచ్చాడు.
పాలవాడి లెక్కల పక్కన, గ్యాసు తేదీల కింద,
పెన్సిలుతో గంటలు, నిమిషాలు.
నా రిజిస్టరులో ఉన్న రాత్రులే అవి.
నాకు మూడే దొరికాయి,
ఆయనకు పదకొండు.

కంబం మొదట్లో, గడ్డి కింద,
దాన్ని పట్టాకు కలిపే ఇనుప పట్టీ
తుప్పు పట్టి, వెంట్రుకవాసి విరిగి ఉంది.
పైన పింగాణీ నిండా మసి.
తడిసిన రాత్రల్లా కరెంటు మసి మీదుగా జారి
ఆ విరుగు దగ్గర
చిటపటమని దూకుతోంది.

పైన వెళ్లింది కింద పట్టాల్లోంచి రావాలి.
తిరుగు కరెంటు అంటాం దాన్ని మేం.
తోవ తెగితే అది ఊరుకోదు, తిరుగుతుంది:
మట్టిలో, కేబులు తొడుగులో,
నా రిలే చెవిలో,
ఈదయ్య ఆరున్నర వార్తల్లో.
ఒకే మాటలో రెండూ పెట్టినవాళ్లు
ఏ సబ్‌స్టేషన్‌లో పనిచేశారో.

అది మా శాఖ సామాను కాదు, ట్రాక్షన్ వాళ్లది.
మూడు కాగితాలు, రెండు రోజులు,
ఒక తిట్టు పట్టింది.
కొత్త పట్టీ బిగించి, పింగాణీ తుడిచి
వాళ్లు ట్రాలీ తోసుకుంటూ పోయాక
ఈదయ్య రేడియో గోడ మీద పెట్టాడు.
వార్తలు చదివే ఆవిడ
గొంతు సవరించుకోవడం కూడా వినబడింది.
అంతలో ఫలక్‌నుమా బండి.
గర్ర్ ర్...
వంగి, తల పక్కకు పెట్టి విని
"ఇది మంచి గర్రు" అన్నాడు.

రిజిస్టరులో రాశాను:
కారణం, బాండు విరిగినది. చర్య, సరిచేయబడినది.
కనిపెట్టింది ఎవరనే గడి
ఆ ఫారంలో లేదు.
అంచున ఖాళీ ఉంది గానీ అక్కడ
ఇన్‌స్పెక్టర్ సంతకం పెడతాడు.

విరిగిన ముక్క నా సొరుగులో,
టీ చీటీల మధ్య ఉంది.
ఇప్పుడు రెండు ఇరవైకి ఊరికే మెలకువ వస్తోంది.
ఫోను మోగదు.
చెయ్యి చాపి
ఛార్జి ఉందో లేదో చూసుకుంటాను.